ఫెలీషియా పగలంతా ఏం చేసేది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ‘మాస్ట్రో’ మీద అనగానే మా మనవరాలు నితిన్ సినిమా అనుకుంది. అది కాదే, అమెరికాలో లెనార్డ్ బెర్న్‌స్టైన్ అని పేరుమోసిన ఆర్కెస్ట్రా కండక్టర్ ఉండేవాడు, ఆయనా, భార్య ఫెలీషియా కాపురం మీద 2023లో వచ్చిన సినిమా అని చెప్పి, పెద్దక్షరాల్లో ప్రింటు తీయించుకుని కూర్చున్నాను. మూడో పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. ఏ వాక్యమో నీకూ తెలుసు, ముచ్చటపడి రాసుకున్నట్టే ఉంది. “ప్రేమ కోసం తన సర్వస్వాన్నీ త్యాగం చేసిన దేవత ఫెలీషియా.” దాని కిందే ఇంకొకటి. “ఇది ప్రేమకథ కాబట్టి వాళ్ల వృత్తుల జోలికి నేను వెళ్లడం లేదు.”

వెళ్లకపోతే ఎలా నాయనా? మరి దేని జోలికి వెళ్తావు?

నీ తెలుగు శుభ్రంగా ఉంది, అక్షర దోషాలు లేవు. ఈ రోజుల్లో అదే పదివేలు. మెచ్చుకోలు అయింది, ఇక అసలు విషయానికొస్తాను.

కాపురం గురించి ఎవరు ఏం రాసి తెచ్చినా నేను మొదట అడిగేది ఒకటే. ఈ ఇద్దరూ పొద్దున లేచిన దగ్గర్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఏం చేసేవారు? డబ్బు ఎవరు తెచ్చేవారు, ఎవరు లెక్క చూసేవారు? ఫోన్ మోగితే ఎవరికోసం మోగేది? ఇవి తెలిస్తే ప్రేమ గురించి నువ్వు విడిగా చెప్పక్కర్లేదు. ఇవి తెలియకుండా ఎన్ని విశేషణాలు తగిలించినా ఆ మనిషి గోడ మీద దండేసిన ఫొటోలాగే ఉండిపోతుంది. నీ ఫెలీషియా అలాగే ఉంది. నవ్వుతూ ఉంటుంది, బాధపడుతూ ఉంటుంది, చివర్లో చచ్చిపోతుంది. మధ్యలో ఏం చేసిందో నీ పది పేజీల్లో ఒక్కచోట కూడా లేదు.

నేను చెప్తాను విను. ఫెలీషియా మాంటెయలెగ్రే 1922లో కోస్టారికాలో పుట్టి చిలీలో పెరిగింది. పియానో నేర్చుకుంటానని న్యూయార్క్ వచ్చింది. గురువు క్లాడియో అర్రావ్, అల్లాటప్పా మనిషి కాదు. ఆయన పార్టీలోనే 1946లో బెర్న్‌స్టైన్ పరిచయమయ్యాడు. నిశ్చితార్థం అయింది, చెడింది, మళ్లీ కుదిరి 1951 సెప్టెంబర్‌లో పెళ్లయింది. ఆ చెడిన నాళ్లలో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కన్నీళ్లు పెట్టుకోలేదు. టీవీ నాటకాల్లో వేషాలు వేసింది. అప్పటి అమెరికా టీవీ నాటకం అంటే లైవ్. మాట మర్చిపోతే దేశం చూస్తుంది, రీటేక్ లేదు, పక్క సీనుకి బట్టలు మార్చుకుంటూ పరిగెత్తాలి. ‘స్టూడియో వన్’, ‘క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్’ లాంటి పెద్ద కార్యక్రమాల్లో నాయికగా చేసిన మనిషి అది. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా పూర్తిగా మానలేదు. భర్త రాసిన ‘కడిష్’ సింఫనీని 1964లో అమెరికాలో మొదటిసారి వినిపించినప్పుడు వ్యాఖ్యానం చదివింది ఆవిడే. 1973లో మెట్రోపాలిటన్ ఒపెరాలో ఒక పాత్ర వేసింది. 1976లో, భర్త ఇల్లు వదిలి వెళ్లిన ఏడాదే, బ్రాడ్‌వే నాటకంలో నటించింది. ఆ చివరి ముక్క ఇంకోసారి చదువు. ఇంట్లో ఆ పరిస్థితి. సాయంత్రం అయ్యేసరికి మేకప్ వేసుకుని స్టేజి ఎక్కాలి. దానిమీద ఒక పేరా రాసి ఉంటే నీకు దేవత అవసరమే వచ్చేది కాదు.

ఇంకోటుంది. 1970 జనవరిలో, విచారణ కోసం జైల్లో మగ్గుతున్న బ్లాక్ పాంథర్ల (నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన దళం) కేసు ఖర్చులకి చందాలు పోగుచేయడానికి పార్క్ అవెన్యూలో తమ ఇంట్లో సభ పెట్టింది ఫెలీషియా. పత్రికలు ఆడుకున్నాయి. డబ్బున్నవాళ్ల సరదా విప్లవం అని ఎద్దేవా చేశాయి. న్యూయార్క్ టైమ్స్ ఏకంగా సంపాదకీయం రాసి తప్పుపట్టింది. ఆవిడ ఊరుకోకుండా ఎడిటర్‌కి జవాబు ఉత్తరం రాసింది. ఆ గొడవ వాళ్ల సంసారాన్ని ఏళ్ల తరబడి పట్టి పీడించింది. సినిమాలో ఇదంతా లేదు. సినిమా వదిలేసింది కదా అని నువ్వూ వదిలేశావు. విమర్శ రాసేవాడికి తెర మీద ఉన్నదొక్కటే కనబడితే చాలదు, తెర బయటికి నెట్టేసింది ఏమిటో కూడా తెలియాలి. ఆ వదిలేయడం సబబే అని నీకనిపిస్తే అలాగే వాదించు. తెలియకుండా ఊరుకోవద్దు.

త్యాగం అన్నావు చూడు, ఆ మాటకి ఆవిడే జవాబు చెప్పింది. పెళ్లయిన కొత్తలో భర్తకి రాసిన ఉత్తరం ఒకటి 2013లో వచ్చిన బెర్న్‌స్టైన్ ఉత్తరాల సంపుటంలో ఉంది. అతనికి మగవాళ్ల మీద ఇష్టం ఉందనీ, అది మారకపోవచ్చనీ తనకి తెలుసని ఏ డొంకతిరుగుడూ లేకుండా రాసింది. నిన్ను నిన్నుగా ఒప్పుకుంటాను, అలాగని నీ పీఠం దగ్గర బలి అయిపోయే ఉద్దేశం నాకు లేదు అని కూడా రాసింది. ముప్పై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్ల. కళ్లు తెరిచే దిగింది. తర్వాత ఆ బేరం తను అనుకున్నంత తేలిక కాలేదు, అదీ కథ. సినిమా కూడా ఈ మాట పట్టుకుంది. ఆడపడుచు షర్లీతో కూర్చుని మాట్లాడే సీనులో ఫెలీషియా నెపమంతా మొగుడి మీద తోసెయ్యదు. అతను ఇవ్వగలిగినంతతోనే బతికేస్తాననుకోవడం తన పొగరే అని ఒప్పుకుంటుంది. ఆ సీను నీ వ్యాసంలో లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, అది నీ దేవతకి అతకదు.

నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేను బెజవాడ ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఇప్పటివాళ్లకి అర్థం కాదు గానీ, అప్పట్లో ఊరు దాటి మాట్లాడాలంటే కాల్ బుక్ చేసుకుని గంటలు కాచుకోవాలి. మూడు నిమిషాలు. మూడు కాగానే మేం మధ్యలో దూరి “త్రీ మినిట్స్ అయిందండీ, పొడిగించమంటారా” అనాలి. వాళ్ల మాటలు వినకూడదు, రూలు. కానీ లైన్ ఉందో పోయిందో చూడ్డానికి కీ వేసి చెవిపెట్టక తప్పదు. రాత్రి డ్యూటీలో అలా ఎన్ని కాపురాలు విన్నానో. బొంబాయిలోనో భిలాయ్‌లోనో ఉన్న మొగుడు, ఇక్కడ పక్కింటివాళ్ల ఫోన్ దగ్గర పెళ్లాం. ఒక్కరంటే ఒక్కరు ప్రేమ మాట ఎత్తగా వినలేదు. “మనియార్డరు అందిందా?” “పిల్లకి జ్వరం తగ్గింది.” “ఎరువుల కొట్టతను మళ్లీ వచ్చాడు, ఏం చెప్పమంటారు?” ఒకావిడ మూడు నిమిషాల్లో రెండున్నర నిమిషాలు బియ్యం ధర చెప్పి, ఆఖర్న “ఆ నీలం చొక్కా ఇక్కడే మర్చిపోయారు” అని ఆగిపోయింది. అవతల ఆయనా ఏమీ అనలేదు. నేను పొడిగించమంటారా అని అడగకుండా కాసేపు అలాగే వదిలేశాను. సూపర్‌వైజర్ చూస్తే మెమో ఇచ్చేది. నేను కథలు రాయడం నేర్చుకుంది అక్కడ. రచనా శిబిరాల్లో కాదు. ఆ శిబిరాలు నడిపేవాళ్లు ఎక్కువమంది రాయడం మానేసినవాళ్లు, ఆ సంగతి ఇంకోసారి చెప్తాలే.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. నువ్వు బెర్న్‌స్టైన్ పుట్టుపూర్వోత్తరాలు ఒక పేజీ రాశావు. 1918లో మసాచుసెట్స్‌లో పుట్టాడు, హార్వర్డ్‌లో చదివాడు... ఇది ఎవడి ఫోన్లో నొక్కినా వస్తుంది, కొట్టేసెయ్. ఫోన్ కాల్ దగ్గర మొదలుపెట్టు. 1943 నవంబర్ 14. బ్రూనో వాల్టర్ అనే పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు. ఈ పాతికేళ్ల కుర్రాడికి కబురొచ్చింది. రిహార్సల్ లేదు. మధ్యాహ్నం కార్నెగీ హాల్లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ని నడిపించాలి, రేడియోలో దేశమంతా వింటుంది. సినిమాలో ఇది ఎలా మొదలవుతుందో చూశావు కదా. చీకటి గది, ఫోను, పెద్ద తెర. మాట్లాడటం అవగానే తెర లాగేస్తాడు, వెలుగు పడుతుంది, పక్కమీద ఇంకో మగాడు ఉన్నాడని అప్పుడు కనబడుతుంది. సంతోషం పట్టలేక వాడి పిర్రల మీద డోలు వాయించి, గౌను మీదే పరిగెత్తుకుంటూ సరాసరి హాల్లోకి. ఒక్క నిమిషంలో మనిషి పని, కోరిక, రాబోయే గొడవ అన్నీ వచ్చేశాయి. దీన్ని నువ్వు “అద్భుతమైన ఓపెనింగ్ షాట్” అని ఒక ముక్కలో తేల్చేశావు. అద్భుతం అని నువ్వు చెప్పకు. నాకు చూపించు, అద్భుతమో కాదో నేను చెప్పుకుంటాను.

నువ్వు తెగ మెచ్చుకున్న నీడ షాటు నాకు నచ్చలేదు. స్టేజి పక్కన ఫెలీషియా నిలబడి ఉంటే, లోపల కండక్ట్ చేస్తున్న మొగుడి నీడ పెద్దదై ఆవిడ మీద పడటం. నలుపు తెలుపుల్లో చూడ్డానికి బాగుంది. అదే తంటా. చూడగానే అర్థమైపోతుంది, అర్థమయ్యాక ఇంకేమీ మిగలదు. నువ్వేమో దానిమీద పేజీన్నర ప్రతీకలు లాగావు. తేలిగ్గా లాగగలిగిన ప్రతీక దొరికితే సంబరపడకు, అనుమానించు. పాతికేళ్లుగా మన సాహిత్య సభల్లో ప్రతీక, ప్రతీక అని అరిచి అరిచి పిల్లలకి కళ్ల ముందున్న కుర్చీ కనబడకుండా చేశారు.

ఎడిటర్ల గురించి అడిగావు. ఒకటి చెప్తాను, మిగతావి అడగకు. అప్పట్లో ఒక వారపత్రిక, పేరెందుకులే, కళాకారుల దాంపత్యాల మీద శీర్షిక నడిపేది. తెనాలి దగ్గర ఊళ్లో పద్యనాటకాలకి హార్మోనియం వాయించే పెద్దాయన ఉంటే రాసుకు రమ్మన్నారు. బస్సు ఖర్చులు నావే. ఆయన పొద్దుటి నుంచీ తన వైభవం చెబుతూనే ఉన్నాడు, ఏ నటుడు ఏ పద్యం ఎన్నిసార్లు వన్స్‌మోర్ కొట్టించాడో. ఆయన వాయించి చూపిస్తుంటే వంటింట్లోంచి ఆవిడ కేకేసింది, “ఆ మధ్యమం పలకడం లేదు, నిన్నటి నుంచీ చెప్తున్నా.” నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. ఇంటర్వ్యూ అక్కడ జరిగింది.

ఆవిడ దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది, చింతపండు చెయ్యి అంటిన మరకలతో. ఎడమపక్క ఊరు, తేదీ. మధ్యలో బయానా ఎంత ముట్టిందో. కుడిపక్క రావలసింది. కొన్ని ఊళ్ల పక్కన ఎర్ర ఇంకుతో చిన్న సున్నా చుట్టి ఉంది. ఏంటండీ ఇది అంటే, “తెల్లారాక మొహం చాటేసే బాపతు. అక్కడ ఆట మొదలవకముందే డబ్బు చేతిలో పడాలి. ఈయన అడగలేరు, మొహమాటం. అందుకని కాంట్రాక్టరుకి నేనే ఉత్తరం రాస్తాను, ఈయన రాసినట్టు.” సంతకం కూడా ఆవిడే పెట్టేది. ఆయనకి సంగీతం వచ్చు. ఆయన సంగీతంతో ఇల్లు గడపడం ఆవిడకి వచ్చు. రాత్రి బస్సులో వస్తూనే సగం రాసేశాను. అంత ఇష్టంగా మళ్లీ ఏదీ రాయలేదేమో.

అచ్చయ్యాక చూస్తే పుస్తకం లేదు, ఎర్ర సున్నాలు లేవు, మధ్యమం లేదు. “ఆదర్శ దంపతులు” అని శీర్షిక. ఆయన కుర్చీలో, ఆవిడ వెనక నిలబడి ఉన్న ఫొటో. వెళ్లి అడిగితే ఎడిటరుగారు టీ తెప్పించి మరీ చెప్పారు, “లెక్కలెవరిక్కావాలమ్మా, పాఠకులకి అనురాగం కావాలి.” పారితోషికం ఇవ్వకపోయినా ఇంత మంట ఉండేది కాదు. ఆ ఎడిటరు పోయి చాలా ఏళ్లయింది. నాకు మాత్రం తగ్గలేదు. అందుకే నీ వ్యాసంలో “వృత్తుల జోలికి వెళ్లడం లేదు” అన్న వాక్యం చూడగానే ఆ గదీ ఆ టీ గుర్తొచ్చాయి. ఎవరో కొట్టేస్తారన్న భయం కూడా లేకుండా నీ అంతట నువ్వే కొట్టేసుకున్నావే!

ఇప్పుడు నీ వ్యాసంలో నేను ఆగిపోయిన చోటుకి వస్తాను. పోట్లాట సీను. థాంక్స్‌గివింగ్ రోజు, సెంట్రల్ పార్క్ పక్కన డకోటా భవనంలో వాళ్ల ఇల్లు. కింద వీధిలో ఊరేగింపు, ఇంట్లో ఎక్కడో పిల్లల కేరింతలు. మొగుడూ పెళ్లాం పడకగదిలో తలుపేసుకున్నారు. కెమెరా గదికి ఈ చివర నిలబడి కదలదు. మొహాల దగ్గరికి వెళ్లదు, కట్ చేయదు. ఆవిడ అనాల్సినవన్నీ అనేస్తుంది. నీ గుండెల నిండా ద్వేషమే అంటుంది. జాగ్రత్తపడకపోతే ఒంటరి ముసలాడివై చస్తావు అంటుంది, ఇంకా ఘాటైన మాటలో. ఆ మాట పడ్డాక ఇద్దరూ ఊరుకుంటారు, అప్పుడు కిటికీ బయట గాలి నింపిన పెద్ద స్నూపీ కుక్క బొమ్మ నింపాదిగా తేలుకుంటూ వెళ్లిపోతుంది.

దీని గురించి నువ్వు “కాంట్రాస్ట్”, “ఐరనీ” అని నాలుగు పేరాలు రాశావు. కానీ బ్రాకెట్లో, ఏదో సిగ్గుపడుతున్నట్టు, ఇంకో వాక్యం రాశావు. ఆ సీను నడుస్తుండగా మీ అమ్మగారు కూరగాయల సంచీతో లోపలికొచ్చి, ఒక నిమిషం నిలబడి చూసి, “పిల్లలకి వినబడదూ?” అని వంటింట్లోకి వెళ్లిపోయారని. నాయనా, ఆ బ్రాకెట్ తీసెయ్. పది పేజీల్లో రచయిత రాసిన వాక్యం అదొక్కటే. ఆవిడకి ఇంగ్లీషు రాదన్నావు, సబ్‌టైటిళ్లు చదవలేదన్నావు. సినిమాలో అసలు సంగతి ఆవిడ ఒక్క నిమిషంలో పట్టేసింది. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు కాగితం పక్కన పెట్టేశాను.

ఎందుకంటే ఆ పిల్లలకి వినబడింది. నీ శీర్షికలో “కుటుంబం” అని పెద్దక్షరాలతో ఉంది గానీ లోపల పిల్లలు లేరు. ముగ్గురు. జేమీ, అలెగ్జాండర్, నీనా. పెద్దమ్మాయి జేమీకి తండ్రి గురించి పుకార్లు చెవిన పడతాయి. నాన్నని అడుగుతుంది. అంతకుముందే ఫెలీషియా మొగుణ్ని గట్టిగా హెచ్చరించింది, పిల్లకి నిజం చెప్పావో జాగ్రత్త అని. ఆయన కూతురి పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, అసూయపరులు పుట్టించే మాటలమ్మా అంటాడు. ఆ సీనులో పోట్లాట లేదు, ఏడుపు లేదు. తల్లి నిజం చెప్పొద్దంది, తండ్రి అబద్ధం చెప్పాడు, పిల్ల తేలికపడింది. తేలికపడ్డ కూతుర్ని చూసి తండ్రి మొహంలో ఏమవుతుందో చూడు. నిజం చెప్పి బరువు దించుకునే వీలు కూడా ఆయనకి లేకుండా పోయింది. ఇద్దరిలో ఎవరిది తప్పు అని అడగకు, నేను చెప్పను. ఆ అమ్మాయి పెద్దదై 2018లో తన జ్ఞాపకాలు రాసింది. పిల్లలు ముగ్గురూ సినిమావాళ్లకి సహకరించారు, కనెక్టికట్‌లో ఫెయిర్‌ఫీల్డ్‌లో ఉన్న తమ సొంతింట్లోనే షూటింగ్ చేసుకోనిచ్చారు. తల్లిదండ్రులు తిరిగిన గదుల్లో వేరేవాళ్లు తల్లిదండ్రుల్లా తిరుగుతుంటే చూడటం ఎలా ఉంటుందో ఊహించు. వ్యాసానికి అదొక ముడిసరుకు. ఊరికే ఇస్తున్నాను, తీసుకో.

ఇక ఈలీ కెథీడ్రల్ సీను. ఇంగ్లండ్‌లో పాత చర్చి, మాహ్లర్ రెండో సింఫనీ చివరి భాగం, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, వెనక పెద్ద బృందగానం. అదే చర్చిలో, అదే ఆర్కెస్ట్రాతో తీశారు. బెర్న్‌స్టైన్ వేషం వేసి, సినిమా కూడా తనే తీసిన బ్రాడ్లీ కూపర్ ఆరు నిమిషాల ఇరవయ్యొక్క సెకన్ల సంగీతం కండక్ట్ చేయడానికి ఆరేళ్లు నేర్చుకున్నానని చెప్పాడు. కొందరికి అది డాంబికంగా తోచింది. నాకు ముద్దొచ్చింది. పని మీద అంత గౌరవం ఉన్నవాడు ఇంకో మనిషి జీవితం తీయడానికి అర్హుడే. చెమటలు కారుతూ, ఎగిరి దూకుతూ, నోరు తెరుచుకుని తనూ పాడేస్తూ ఉంటాడు. సంగీతం ఆగగానే పక్కన నిలబడ్డ ఫెలీషియా దగ్గరికి వచ్చి వాటేసుకుంటాడు. నీలో ద్వేషం లేదు అంటుంది ఆవిడ. పోట్లాటలో తను అన్నమాటే వెనక్కి తీసుకుంది. అతని పని చూసి తీసుకుంది, గమనించు. క్షమాపణలూ పూలగుత్తులూ ఏమీ లేవు అక్కడ. సినిమా మొత్తంలో ఆయన పనీ ఆయన కాపురమూ ఒకే చోట నిలబడింది ఈ సీనులోనే, అందుకే ఇది నిలబడింది. నీ “ప్రేమకథ”లో పని తీసేస్తే ఆవిడ ఆ మాట ఎందుకందో నువ్వు చెప్పలేవు. చెప్పలేదు కూడా.

నువ్వు పట్టించుకోనిది ఇంకోటి ఉంది. ఆ కచేరీ జరిగింది 1973లో. వాళ్లు విడిపోయింది 1976లో. మరుసటేడు ఆయన తిరిగొచ్చాడు, ఆవిడకి జబ్బు బయటపడింది, 1978 జూన్‌లో పోయింది. యాభై ఆరేళ్లు. సినిమా ఆ కచేరీని పోట్లాట తర్వాతికి జరిపి దాన్ని రాజీ సీను చేసుకుంది. చేసుకోవచ్చు, సినిమా కదా. నిజంగా ఏ చర్చీ, ఏ మాహ్లరూ వాళ్లని కలపలేదు. వెళ్లిన మనిషి తిరిగొచ్చాడు, ఇంతలో ఊపిరితిత్తుల్లో కేన్సర్ అన్నారు, అంతే. నువ్వు మాత్రం సినిమా చెప్పిన వరసే చరిత్ర అయినట్టు “ఆ కచేరీయే వాళ్ల కాపురాన్ని నిలబెట్టింది” అని రాసేశావు. తేదీలు చూసుకోవడం బోరు కొట్టే పనే. చూసుకో.

ఆ ముక్కు గొడవ ఎందుకురా నీకు? బెర్న్‌స్టైన్ యూదుడు, యూదుడు కాని కూపర్ అంత పెద్ద ముక్కు అతికించుకోవచ్చా అని ఒక సీజనంతా కొట్టుకున్నారు. ఆయన పిల్లలే మా నాన్నది పెద్ద ముక్కే, మాకేం అభ్యంతరం లేదు అన్నారు. నువ్వు దానికి రెండు పేజీలు ఇచ్చావు, ఫెలీషియా నటనకి మూడు లైన్లు. ఆ వేషం వేసిన కేరీ మల్లిగన్ ఏం చేసిందో చెప్పకుండా ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ రాలేదు అని బాధపడ్డావు. రాకపోతే నీకేం పోయింది? ఈ స్టార్లు వేయడం, ర్యాంకులివ్వడం, “ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్” అని రాయడం... సినిమా చూడ్డానికి ముందే తీర్పు సిద్ధంగా పెట్టుకోవడం. ఇప్పటి ఎడిటర్లు మొదటి రెండు లైన్లలో హుక్ ఉండాలంటున్నారట. పాతవాళ్లు అనురాగం అడిగారు, వీళ్లు గాలం అడుగుతున్నారు.

హైదరాబాద్‌కి మకాం మార్చాలా అని అడిగావు. అది మీ ఇంట్లో మాట్లాడుకో. సినిమా మీద రాసేది సాహిత్యం అవుతుందా అన్నావు, రాసి చూపించు, తర్వాత మాట్లాడుకుందాం.

వ్యాసం మళ్లీ రాయి. మీ అమ్మగారు గుమ్మంలో నిలబడ్డ చోట మొదలుపెట్టు. ఫెలీషియా లైవ్ నాటకాల గురించి వెతుకు, ఆ ఉత్తరాల పుస్తకం సంపాదించు, కొనలేకపోతే ఏదైనా లైబ్రరీలో దొరుకుతుందేమో చూడు. ఐదు పేజీలు దాటొద్దు. పిల్లలకి ఆయన టీవీలో సంగీతం నేర్పిన కార్యక్రమం 1958లో మొదలై ఏళ్ల తరబడి నడిచింది, సినిమా దాన్నీ దాదాపు పట్టించుకోలేదు. ఊళ్లో పిల్లలందరికీ పాఠం చెప్పేవాడు సొంత కూతురికి అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఇది నీకు పనికొస్తే వాడుకో, లేకపోతే వదిలెయ్.

ఈసారి పీడీఎఫ్ పంపకు, వర్డ్‌లో పంపు. పీడీఎఫ్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే లైను తెర దాటి పోతోంది, నా కళ్లకి కష్టం. వచ్చే నెలలో కంటి ఆపరేషన్ ఉంది, అది అయ్యాక ఓ పది రోజులు ఏమీ చదవనివ్వరట. కాబట్టి ఈ నెలాఖరులోగా పంపితే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పాత ట్రంకు ఆపరేటరు